చెన్నైలో సముద్రం ఒడ్డున టీమ్ లంచ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓఎంఆర్ (చెన్నైలో ఐటీ ఆఫీసులుండే రోడ్డు) మీద ఆఫీసులున్న మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో నెలకోసారైనా వచ్చే మాట ఇది, ఈసారి టీమ్ లంచ్ ఈసీఆర్ (సముద్రం పక్కనుంచి పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు సీఫుడ్‌కి పెడదామా, ఎటెళ్ళాలి, ఏం చెప్పాలి, శాకాహారుల సంగతేంటి, బిల్లెంతవుద్ది అని. మా టీమ్‌లో ఈ లంచ్‌ల ఏర్పాటంతా నాదే కాబట్టి అడిగిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నా. స్టార్ హోటళ్ళ గురించి కాదు, ప్లాస్టిక్ కుర్చీలేసి అరిటాకులో వడ్డించే మామూలు చోట్ల గురించే ఇదంతా.

ఆఫీసు నుంచి ఎటు వెళ్తే దగ్గర?

మీ ఆఫీసు ఎక్కడుందో దాన్నిబట్టి. తరమణి, పెరుంగుడి వాళ్ళకి తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ దగ్గర. షోళింగనల్లూర్ వాళ్ళు అక్కరై లింక్ రోడ్డు మీదుగా ఈసీఆర్ ఎక్కి ఎడమకి తిరిగితే నీలాంకరై, కుడికి తిరిగితే ఉత్తండి, ముట్టుకాడు, కోవళం. కుడివైపు వెళ్తే ఉత్తండిలో టోల్ ఉంటుంది, ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో ముందే చూస్కోండి. సిరుసేరి, నావలూర్ వాళ్ళు ఉత్తరానికి తిరిగొచ్చే పనే లేదు, కేళంబాక్కం దాకా దిగి అక్కడ్నుంచి ఉప్పు మళ్ళు పక్కనుంచి పోయే కోవళం రోడ్డు పట్టుకుంటే సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఈసీఆర్ మీద ఉన్న హోటల్ అంటే సముద్రం కనపడుతుందని కాదు, చాలావాటికి వెనకాల ఇళ్ళు, గోడలు, సరుగుడు చెట్లే ఉంటాయి. ఫోన్ చేసి "టేబుల్ దగ్గర కూర్చుంటే నీళ్ళు కనపడతాయా" అని సూటిగా అడగండి. ముట్టుకాడులో అయితే కనపడేది సముద్రం కాదు, బ్యాక్‌వాటర్. నీళ్ళు నిలకడగా ఉంటాయి, గాలి కూడా కాస్త తక్కువ, మాట్లాడుకుంటూ తినేవాళ్ళకి నిజానికి అదే బాగుంటుంది. కోవళం అయితే ఇప్పటికీ పడవలు దిగే మత్స్యకారుల ఊరు, అక్కడి బీచ్‌కి 2021లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. నన్నడిగితే నా ఓటు కోవళానికే.

ఏ రోజు, ఎన్నింటికి వెళ్తే బాగుంటుంది?

శుక్రవారం వద్దు, ఊళ్ళో ఉన్న టీములన్నీ ఆరోజే బయల్దేరతాయి. పైగా శుక్రవారం నీచు ముట్టనివాళ్ళు టీమ్‌లో ఒకరిద్దరైనా ఉంటారు. బుధవారం నాకు బాగా కుదిరింది, ఎవరికీ పట్టింపు ఉండదు, రోడ్డూ ఖాళీ.

టైము సంగతికొస్తే పన్నెండింటికే కూర్చుందాం అంటారు చాలామంది, అప్పుడు ఎండ నడినెత్తిన ఉంటుంది, బయట టేబుల్ దగ్గర పది నిమిషాలు కూడా కూర్చోలేరు. చెన్నైకి సముద్రం తూర్పున ఉంది కదా, ఒంటిగంటన్నర దాటాక సూర్యుడు పడమటికి వాలతాడు, హోటల్ నీడ మెల్లగా సముద్రం వైపు పడుతుంది, ఎండాకాలంలో సముద్రపు గాలి కూడా మధ్యాహ్నం వేళకే మొదలవుతుంది. అందుకని ఒకటిన్నరకి కూర్చునేలా చూసుకుంటే ఎండా తగ్గుద్ది, మొదటి బ్యాచ్ రద్దీ కూడా తగ్గి కిచెన్ వాళ్ళు కాస్త ఊపిరి తీసుకుంటారు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ఆ నెలల్లో లోపల కూడా చోటున్న హోటలే చూసుకోండి.

సముద్రం పక్కనే ఉంది కాబట్టి చేప ఫ్రెష్‌గానే ఉంటుందా?

అదేం గ్యారంటీ లేదండి. చాలా హోటళ్ళకి సరుకు కాసిమేడు హార్బర్ నుంచో చింతాద్రిపేట మార్కెట్ నుంచో ఐస్ పెట్టెల్లో వస్తుంది, ఎదురుగా కనపడే పడవకీ మీ కంచంలో ముక్కకీ సంబంధం ఉండకపోవచ్చు. అందులో తప్పేం లేదు, ఐస్‌లో సరిగ్గా పెట్టిన చేప బాగానే ఉంటుంది. తేడా వచ్చేది ఐస్ కరిగిపోయి ఎండలో ఉన్నప్పుడే.

మంచి హోటళ్ళలో పచ్చి చేపల ట్రే టేబుల్ దగ్గరికే తెచ్చి చూపిస్తారు. తేకపోతే చూపించమని అడగండి, మొహమాటం వద్దు. కన్ను ఉబ్బుగా, నల్లగా మెరుస్తూ ఉండాలి, లోపలికి పీక్కుపోయి తెల్లగా పొగ కమ్మినట్టుంటే వద్దు. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా తడిగా ఉండాలి, గోధుమరంగులోకి తిరిగితే పాతది. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు, కండ వెంటనే పైకి రావాలి. రొయ్యకి తల గట్టిగా అంటుకునుందా, ఊడొస్తోందా చూడండి. పీత అయితే చేతిలో బరువుగా ఉండాలి, సైజు పెద్దదై తేలిగ్గా ఉందంటే లోపల మాంసం లేనట్టే. వంజరం మాత్రం ముక్కలు కోసే ఉంటుంది కాబట్టి కన్నూ మొప్పా ఉండవు, వాసన, కండ గట్టిదనం మీదే నమ్మకం పెట్టుకోవాలి.

వంజరం, కానాగంతలు, తూర చేప లాంటివి ఐస్ లేకుండా ఎక్కువసేపు ఉంటే వాటిల్లో హిస్టమిన్ చేరుద్ది, అది వండినా పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, తలనొప్పొచ్చి, దద్దుర్లు వస్తే చాలామంది "నాకు చేప పడదు" అనుకుంటారు, కొన్నిసార్లు కారణం ఇదే అయ్యుండొచ్చు. తినేటప్పుడే నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటే ఆ ముక్క అక్కడితో ఆపేయండి.

ఏప్రిల్, మే నెలల్లో సీఫుడ్ లంచ్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ ఏం దొరుకుతుందో తెలుసుకుని పెట్టుకోండి. తూర్పు తీరం మొత్తానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. మన విశాఖ, కాకినాడ వైపు కూడా ఇదే. అప్పుడు మెకనైజ్డ్ బోట్లు, ట్రాలర్లు కదలవు, నాటు పడవల వాళ్ళు మాత్రం ఒడ్డుకి దగ్గర్లో వేటాడతారు. పడమటి తీరంలో నిషేధం జూన్‌లో మొదలవుతుంది కాబట్టి ఈలోపు కేరళ వైపు నుంచి కొంత సరుకు వస్తుంది, మిగతాది ఫ్రీజర్‌ది. వంజరం రేటు ఆకాశంలో ఉంటుంది, ఉన్నా నిన్నటిదో మొన్నటిదో.

ఆ రెండు నెలలూ వంజరం మీద పట్టుపట్టకండి. నాటు పడవల మీద వచ్చిన నెత్తళ్ళు, చిన్న చేపలు, చెరువు రొయ్యలు, పండుగప్ప ఇవి చెప్పుకోండి. చెరువు రొయ్య సాగులో దేశంలో ముందున్నది మన ఆంధ్రానే, కాబట్టి చెన్నైలో తినే రొయ్య మన నెల్లూరు, భీమవరం వైపుదే అయ్యుండే అవకాశం బాగా ఉంది. నా మట్టుకు నేను ఏ నెలైనా మొదట అడిగేది "అణ్ణా, ఇన్నిక్కి ఎన్న మీన్ ఫ్రెష్షా ఇరుక్కు?" (అన్నా, ఇవాళ ఏ చేప ఫ్రెష్‌గా ఉంది?) అనే. మెనూ కార్డు ఏడాదంతా ఒకటే ఉంటుంది, సముద్రం రోజుకోలా ఉంటుంది, మనం వినాల్సింది రెండోదాన్ని.

మెనూలో తమిళ పేర్లు అర్థం కావు, ఏది ఏంటి?

వంజరం ఇక్కడా వంజరమే. మన చందువ వవ్వాల్, పండుగప్ప కొడువా, నెత్తళ్ళు నెత్తిలి, సొర సురా, కొర్రమీను విరాల్, రొయ్య ఎరా, పీత నండు, ఎండుచేప కరువాడు. కణవా అనో కడంబా అనో రాసుంటే అది స్క్విడ్. మీన్ కొళంబు అంటే చేపల పులుసే, కాకపోతే నెల్లూరు పులుసు తిని పెరిగినవాళ్ళు అదే రుచి వెతుక్కోకండి, మామిడికాయ ఉండొచ్చు ఉండకపోవచ్చు, కారం మనదానికంటే తక్కువ, కొన్నిచోట్ల కొబ్బరి పడుతుంది. దాని రుచి దానిది. అన్నంలో కాస్త ఎక్కువ పోసుకుని తినండి, రెండో వాయికి నచ్చుతుంది.

సురా పుట్టు మాత్రం వదలకండి. సొరచేపని ఉడికించి, ముల్లు తీసి, పొడిపొడిగా చేసి ఉల్లిపాయ, వెల్లుల్లి, పచ్చిమిర్చితో వేయిస్తారు, ముల్లు భయం ఉన్నవాళ్ళు కూడా హాయిగా తినొచ్చు. గర్భిణీలు మాత్రం సొర జోలికి వెళ్ళొద్దు, పెద్ద వేట చేపల్లో పాదరసం ఎక్కువ, వాళ్ళకి నెత్తళ్ళ లాంటి చిన్న చేపలే మంచివి.

పది మందికి ఎంత ఆర్డర్ చెయ్యాలి?

తలా ఒక మీల్స్ చెప్పేసి ఫ్రైలు మధ్యలో పెట్టుకుని పంచుకోవడమే పద్ధతి. పది మందిలో ఎనిమిది మంది నీచు తినేవాళ్ళనుకుంటే ముందు నెత్తళ్ళ ఫ్రై మూడు ప్లేట్లు, ఇవి తొందరగా వస్తాయి, ఆకలి మీదున్నవాళ్ళకి మాటలు మొదలయ్యేలోపు చేతికి ఏదో ఒకటి ఉండాలి. తర్వాత వంజరమో ఆరోజు బాగున్న ఇంకో చేపో తవా ఫ్రై మనిషికో ముక్క, రొయ్యల మసాలా రెండు, సురా పుట్టు రెండు, స్క్విడ్ ఒకటి. పీతలు అందరికీ చెప్పకండి, ఎవరు తింటారో చేతులెత్తించి వాళ్ళకే చెప్పండి. అన్నీ ఒకేసారి చెప్పేసి టేబుల్ నింపేస్తే ఫ్రైలు చల్లారిపోయి నూనె పీల్చి మెత్తబడతాయి, సగం సగం చెప్పండి.

నెత్తళ్ళు ఎలా తినాలో తెలియక ఒక్కో ముల్లూ ఏరుతూ కూర్చునే వాళ్ళని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. తల తీసేసి వేయించిన నెత్తలు తోక పట్టుకుని మొత్తం కరకరా నమిలెయ్యడమే, ముల్లు కూడా కరిగిపోతుంది. వంజరం ముక్కలో అయితే మధ్యలో గుండ్రంగా వెన్నుపూస ఒకటి ఉంటుంది, దాని చుట్టూ బొటనవేలితో కండ విడదీస్తే నాలుగు భాగాలుగా వచ్చేస్తుంది, పొట్టవైపు భాగంలో పొడుగు ముళ్ళుంటాయి, అవి చూసి తీసేస్తే చాలు.

మెనూలో రేటు బదులు "సైజును బట్టి" అని ఉంది, ఏం చెయ్యాలి?

వండక ముందే అడగాలి. మొత్తం చేప, పీత, పెద్ద రొయ్య వీటికి సాధారణంగా బరువు లెక్కన వేస్తారు. ఇక్కడ మూడు సంగతులు తేల్చుకోండి: 100 గ్రాములకి ఎంత, తూకం శుభ్రం చేయకముందా చేశాకా, వండే ఖర్చు అందులోనే ఉందా విడిగానా. చేప కడిగి, పొట్ట తీసి, పొలుసు తీస్తే బరువు బాగా తగ్గుతుంది, చాలాచోట్ల తూచేది ముందే, అది మోసం కాదు, ముందే చెప్తే చాలు. మీ ముందే తూచమనండి. ట్రేలోంచి పెద్దది చూపించి "సార్ ఇది తీస్కోండి" అన్నప్పుడు పక్కనున్నవాళ్ళ ముందు రేటడగడం నామోషీ అనుకుని తలూపేస్తారు చూడండి, బిల్లు దగ్గర మొహాలు మాడేది అక్కడే.

టీమ్‌లో శాకాహారులున్నారు, వాళ్ళని తీసుకెళ్ళొచ్చా?

ముందు వాళ్ళనే అడగండి, "మేం వస్తాం, మాకేం ఇబ్బంది లేదు" అని మనసారా అంటేనే సీఫుడ్ చోటు బుక్ చెయ్యండి. టీమ్ లంచ్ అంటే టీమ్ మొత్తానిదీ. చేపల వాసన పడనివాళ్ళుంటే ఆ నెల వేరే చోటికెళ్ళి, సీఫుడ్‌కి తినేవాళ్ళు మాత్రం ఇంకోరోజు సొంత డబ్బులతో వెళ్ళండి. ఇది నేను గట్టిగా నమ్మే విషయం.

వాళ్ళు వస్తామంటే హోటల్‌కి ఫోన్ చేసి వెజ్ మీల్స్ ఉందా, కూరలూ సాంబారూ విడి గిన్నెల్లో గరిటెల్లో చేస్తారా, వెజ్ వేపుళ్ళకి నూనె వేరేనా అని కనుక్కోండి. అదే నూనెలో చేప వేయించి తర్వాత గోబీ వేస్తే అది వాళ్ళకి వెజ్ కాదు. వాళ్ళని టేబుల్ చివర గాలి వచ్చే వైపు కూర్చోబెట్టండి, వాసన అవతలికి పోతుంది. వాళ్ళ ఆకు మీదుగా చేపల ప్లేటు అందించుకోవద్దు. "పోనీ గ్రేవీ ఒక్కటి వేస్కో" అని మాత్రం ఛస్తే అనకండి.

ఎవరు ఎప్పుడు తినరో ఎలా గుర్తుపెట్టుకోవాలి?

గుర్తుపెట్టుకోవడం కష్టం, తేదీ ఖాయం చేసేముందు అడగడం తేలిక. తమిళ సహోద్యోగులు చాలామంది పురట్టాసిలో, అంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా, నీచు మానేస్తారు. మనవాళ్ళలో కొందరికి శ్రావణం, ఎక్కువమందికి కార్తీకం. నవంబర్ నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాలలో ఉన్నవాళ్ళు ఉంటారు. క్రైస్తవుల్లో కొందరు ఈస్టర్ ముందు నలభై రోజులు మాంసం మానేస్తారు, చేప తింటారా లేదా అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కోలా. ముస్లిం మిత్రుల్లో చేపలు, రొయ్యలు ఇష్టంగా తింటూ పీత మాత్రం ముట్టనివాళ్ళున్నారు. బెంగాలీ కొలీగ్ నది చేపే చేప అంటాడు, అది ఆయన అభిమానం, వాదించకండి, సురా పుట్టు ఆయన ముందు పెట్టండి. ఇన్ని లెక్కలేసుకుంటే ఫిబ్రవరి, మార్చి మొదటి వారాలు, జూలై నాకు సుఖంగా అనిపిస్తాయి.

ఒకతనికి రొయ్యలు పడవు, చేప తినొచ్చా?

రొయ్య పడనివాళ్ళకి పీత కూడా పడకపోయే అవకాశం చాలా ఎక్కువ, రెంటిలోనూ ట్రోపోమయోసిన్ అనే ఒకే రకం ప్రొటీన్ ఉంటుంది. చేపల ఎలర్జీ వేరు, దాని ప్రొటీన్ వేరు, కాబట్టి రొయ్య పడనివాళ్ళు చేప తినగలగొచ్చు. కానీ సీఫుడ్ హోటల్లో ఒకే తవా, ఒకే నూనె, ఒకే గరిటె, అక్కడే ప్రమాదం. ఇదివరకు గొంతు బిగుసుకోవడం, ఊపిరాడకపోవడం జరిగుంటే అసలు ఇలాంటి చోటికి రమ్మని బలవంతం చెయ్యొద్దు. లంచ్ మధ్యలో ఎవరికైనా పెదాలు వాచి, ఊపిరి అందకపోతే మజ్జిగ తాగించడాలు, పడుకోబెట్టి చూద్దాం అనుకోవడాలు వద్దు, వెంటనే 108.

చేపలు తిని పెరుగు తింటే బొల్లి వస్తుందంటారు?

రాదు. బొల్లి రావడానికి కారణం మన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ రంగునిచ్చే కణాల మీద పడటం, తిండి కలయికతో దానికి సంబంధం లేదు. కానీ పక్కనున్నావిడ అమ్మమ్మ చెప్పిందని పెరుగు పక్కన పెడితే పెట్టనివ్వండి, రసంతో ముగించుకుంటారు.

అందరి ముందూ పీత ఎలా తినాలి?

చేత్తోనే, సిగ్గుపడకుండా. మేనేజర్ ఎదురుగా ఉన్నాడని స్పూనుతో పొడుచుకుంటూ కూర్చుంటే పీతకీ న్యాయం జరగదు, మీకూ జరగదు. వండేముందే చాలాచోట్ల డెక్కలు చితక్కొట్టి ఇస్తారు. ముందు కాళ్ళు విరుచుకుని కీలు దగ్గర కొరికి పీల్చండి, తర్వాత ఒంటిని మధ్యకి విరిస్తే గదులు గదులుగా తెల్లటి మాంసం ఉంటుంది, దాన్ని పీత కాలి మొనతోనే తవ్వుకోవచ్చు. బూడిదరంగులో ఈకల్లా వేలాడేవి మొప్పలు, అవి తినరు. పెద్ద డెక్క ఆఖరికి ఉంచుకోండి. తెల్ల చొక్కాలు మాత్రం ఆరోజు వద్దు. బయట టేబుల్ అయితే కాకులు కనిపెట్టుకుని ఉంటాయి, ఫోన్ చూస్తూ ప్లేటు వదిలేస్తే ముక్క పోయినట్టే.

బీరు దొరుకుతుందా?

ఇలాంటి మామూలు హోటళ్ళలో దొరకదు. తమిళనాడులో బార్ లైసెన్సులు స్టార్ హోటళ్ళకీ క్లబ్బులకీ, మిగతాదంతా టాస్మాక్, అంటే ప్రభుత్వ మద్యం దుకాణాలే. బయట్నుంచి తెచ్చుకుని టేబుల్ కింద పెట్టుకోవడం హోటల్ వాళ్ళని ఇరకాటంలో పెట్టడమే. నన్నారి సర్బత్ చెప్పుకోండి, ఐస్ ఎక్కువేయించుకుని, నిమ్మకాయ పిండించుకుని.

బిల్లు ఎలా పంచుకోవాలి? సర్వీస్ ఛార్జి కట్టాలా?

మామూలు రెస్టారెంట్లకి జీఎస్టీ 5 శాతం. సర్వీస్ ఛార్జి అన్నది పన్ను కాదు, కట్టి తీరాలని ఎవరూ అనడానికి లేదు, 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. వేసుంటే తీసెయ్యమని మర్యాదగా చెప్పండి, వడ్డించిన మనిషి చేతిలో మీకు తోచింది పెట్టండి.

కంపెనీ ఇచ్చేదైతే తలకి ఎంతో ముందే మేనేజర్‌ని అడిగి ఆ లెక్కలోనే ఆర్డర్ చెయ్యండి. సొంతంగా పంచుకునేదైతే సమానంగా భాగించడం అన్యాయం. వెజ్ మీల్స్ తిన్న అమ్మాయి, మొదటి జీతం ఇంకా ఇంటికి పంపని ఫ్రెషర్, వీళ్ళ మీద పీతల ఖర్చు పడకూడదు. మీల్స్ ఎవరిది వాళ్ళు, ఫ్రైలు తిన్నవాళ్ళ మధ్య, పీతలు చేతులెత్తినవాళ్ళ మధ్య. ఒకరు కట్టేసి లెక్క గ్రూపులో పెడితే అందరూ యూపీఐ చేసేస్తారు. ఇది ఆర్డర్ ముందే అందరికీ చెప్పండి, అప్పుడు ఎవరూ లోపల లెక్కలేసుకుంటూ తినరు.

చేతులకి వాసన పోవట్లేదు, మూడింటికి క్లయింట్ మీటింగ్ ఉంది?

సబ్బు కంటే ముందు నిమ్మచెక్క రుద్దండి. చేప వాసనకి కారణమైన ట్రైమిథైలమిన్‌ని నిమ్మరసంలోని పులుపు గాల్లోకి లేవకుండా కట్టేస్తుంది, తర్వాత సబ్బుతో కడిగితే పోతుంది. గోళ్ళ కింద కూడా రుద్దాలి. అయినా మూడింటికి మీటింగ్ ఉన్నరోజు కోవళం దాకా వెళ్ళకండి, తిరిగొచ్చేటప్పుడు షోళింగనల్లూర్ సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగుతారో ఎవరూ చెప్పలేరు.

తిన్నాక నీళ్ళలో దిగొచ్చా?

పాదాలు తడుపుకోండి, అంతకు మించి వద్దు. చెన్నై తీరంలో అల వెనక్కి లాగే ఊపు ఎక్కువ, మోకాలి లోతులోనే కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది, ఈత వచ్చినవాళ్ళు కూడా పోయారు. కడుపునిండా తిని, ఆఫీసు బట్టలతో, పందేలు కాసుకుని దిగడం మరీ ప్రమాదం. ఏర్పాటు చేసినవాళ్ళుగా ఈ ఒక్క మాట దగ్గర కటువుగా ఉండండి, ఎవరేమనుకున్నా సరే.

మిగిలింది పార్శిల్ తీస్కెళ్ళొచ్చా?

ఫ్రైలు, పులుసు తీస్కెళ్ళొచ్చు, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టగలిగితేనే. చెన్నై ఎండలో పార్క్ చేసిన కారులో సాయంత్రం దాకా ఉంచి రాత్రి వేడిచేసుకుందాం అంటే కుదరదు. ఆఫీసు ఫ్రిజ్‌లో పెడితే డబ్బాకి మూత గట్టిగా పెట్టి పైన ఇంకో కవరు చుట్టండి, వెళ్ళేటప్పుడు తీస్కెళ్ళడం మర్చిపోవద్దు. ఆఫీసు మైక్రోవేవ్‌లో మాత్రం చేప వేడి చెయ్యకండి, ఇంటికెళ్ళాక పెనం మీద చేసుకోండి, రుచి కూడా అప్పుడే బాగుంటుంది.